గడప ఇవతల మామ

ఈ ఉదయం రొయ్యలు ఒలిచి, చేతులకు చింతపండు రుద్దుకుంటుంటే మా మేనమామ గుర్తొచ్చాడు. తోటపల్లి గూడూరు వైపు చేపలు పట్టే మా ఇళ్లలో, పెద్దింటి గడప తొక్కాల్సి వస్తే నీచు వాసన పోయేలా చింతపండుతో మోచేతుల దాకా తోముకోవడం అలవాటు. నాకిప్పుడు పెద్దిళ్లతో పనేమీ లేదు, అయినా చెయ్యి దానంతటదే చింతపండు డబ్బా మీదికి పోతుంది.

మామ చిన్నప్పుడు మా తాత వెంట ఏడాదికోసారి ఎండు రొయ్యల గంపతో రాజుల కోటకు వెళ్లేవాడు. గంప వెనక వాకిట్లో దించి, వంటవాళ్లు వచ్చి తీసుకునేదాకా అక్కడే నిలబడాలి. లోపల కొలువుకూటంలో మనిషెత్తు అద్దం ఉందనీ, అందులో తల నుంచి కాళ్ల దాకా ఒకేసారి కనిపిస్తామనీ వంటామె ఒకసారి చెప్పిందట. తాత బతికినంతకాలం ఆ అద్దం గురించే చెప్పి, చూడకుండానే పోయాడు. తానైనా చూడాలని మామ కోరిక. కోటను ఇప్పుడు టికెట్ పెట్టి అందరికీ చూపిస్తున్నారని తెలిసిన రోజు నుంచి నా ప్రాణం తోడేశాడు. గుండె బలహీనంగా ఉంది, ప్రయాణాలు వద్దని డాక్టరు చెప్పినా వినలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఎక్కువ రోజులు లేవని నాకు తెలుసు, అందుకే తీసుకెళ్లాను.

ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్సులో కిటికీ సీటు కోసం ఓ కాలేజీ పిల్లతో పోట్లాడి గెలిచి, రాజులకు ఏ కూర ఇష్టమో తనే వడ్డించినట్టు దారి పొడుగునా చెప్పుకొచ్చాడు. కోట దగ్గర దిగాక మాత్రం మాట తగ్గింది. నేను టికెట్లు తీసుకుని తిరిగి చూసేసరికి మనిషి లేడు. వెతుక్కుంటూ పోతే, ఎప్పుడో ఇటుకలతో మూసేసిన వెనక వాకిలి ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది మామా, ఈడ నిలబడినావు? దారి ముందర ఉండాది గదా!" అన్నాను.

ఆయనకే నవ్వొచ్చింది. "కాళ్లు ఈడికే తెచ్చినాయి పాపా," అన్నాడు.

చెయ్యి పట్టుకుని ముందు వాకిటికి తీసుకొచ్చాను. కొలువుకూటం గడప దగ్గర ఆగి, పంచె చెంగు విప్పి చింతపండు తీశాడు. నా సీసాలో నీళ్లతో తోముకుని, వాసన చూసుకుని, మళ్లీ తోముకున్నాడు. ఆయన వల ముట్టుకుని పదేళ్లు దాటింది. జనం బూట్లతోనే ఆయన్ని దాటుకుని లోపలికి పోతున్నారు. స్టూలు మీద కూర్చున్న కాపలా ఆయన కూడా, "పో పెద్దాయనా, టికెట్ ఉండాది గదా," అన్నాడు. మామ స్తంభం పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు పోయి చూసొచ్చి చెప్పు పాపా. వాసన ఇంకా పోలేదు." బతిమాలాను, కసిరాను, చెయ్యి పట్టి లాగాను కూడా. కదల్లేదు. ఏడుపొచ్చింది నాకు. ఆయన మీదో రాజుల మీదో తెలియని కోపం కూడా వచ్చింది.

లోపల అద్దం ఉంది. వెనక పూత రాలిపోయి అంతా నల్ల మచ్చలు. నా ముఖం కాదు కదా, చీర రంగు కూడా తెలియలేదు. బయటికి రాగానే, "కాళ్ల దాకా కనపడతాదా?" అని అడిగాడు. "కనపడతాది మామా," అన్నాను. తిరుగు బస్సులో కిటికీ సీటు నాకే ఇచ్చాడు. "ఇంకోసారి వద్దాం పాపా. అప్పుడు నేనూ లోపలికొస్తా," అన్నాడు. సరేనన్నాను. ఇద్దరం అబద్ధమే ఆడామని ఇద్దరికీ తెలుసు. నెల తిరక్కుండానే పోయాడు.

ఆ ముందు వాకిలి అందరికీ తెరిచి ఎన్నేళ్లయిందో ఏమో, ఆ కబురు మామ కాళ్లకు చేరడానికి ఒక జీవితకాలం చాలలేదు.