సూది మార్చిన చేయి

సైకాల్ పెద్దమ్మది మంచి హస్తవాసి అని మా వీధిలో అందరూ అనేవారు. ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో ఆమె ముప్ఫై ఎనిమిదేళ్లుగా నర్సు. పూర్వం గాజు సిరంజీ మరిగించుకుని గుర్రమెక్కి బయలుదేరేది. ప్రతి గుమ్మంలోనూ పాత సూది తీసి కొత్తది బిగించి తల్లుల ముఖం ముందు పెట్టేది. "చూశావుగా, మార్చాను! రేపు నన్ననకు!" ఆమె దగ్గర పని నేర్చుకున్న నాతోనూ అదే గొప్ప. ఒళ్లు మండేది నాకు.

నేను పుట్టకముందు ఒక చలికాలం ఆమె మా వీధి పిల్లలకు బలం సూదులు వేసింది. వసంతానికి ఆరిళ్లలో పిల్లల కళ్లు పచ్చబడ్డాయి. మూడో ఇంటిని మాత్రం ఆ జబ్బు ముట్టలేదు. దయ్యం వీధి వెంట నడిచిందనీ, ఆ ఇంట్లో అర్చా చెట్టు కొమ్మల పొగ వేశారు కాబట్టి దాటిపోయిందనీ చెప్పుకున్నారు. మా అన్న ఏసెన్ బతకలేదు. అప్పటినుంచి అమ్మ రోజూ గుమ్మానికి పొగ వేస్తుంది. ఆ వాసనకి నా వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంటుంది.

పోయిన వారం పట్నం నుంచి ఒకావిడ మా నర్సులకు పాఠం చెప్పడానికి వచ్చింది. నీళ్లున్న సిరంజీ సూదిని సిరాలో ముంచి, రక్తం వస్తుందేమో చూసినట్టు కాస్త వెనక్కి లాగింది. ఆ సూది తీసేసి కొత్తది బిగించింది. మంచినీళ్ల గ్లాసులోకి నొక్కింది.

నీళ్లు నీలంగా మారాయి.

సైకాల్ పెద్దమ్మ పెదాలు కదులుతున్నాయి. వేళ్లు మడుస్తోంది. ఒకటి, రెండు. మూడో వేలు వదిలేసింది.

"మూడో ఇంటికి ఆ రోజు తాళం," అంది. "పెళ్లికి పోయారు. మొదటింటి పిల్లాడు అప్పటికే నీరసంగా ఉన్నాడు. సూదులు మార్చానే బురుల్, సిరంజీ గొట్టం మార్చలేదు. ఆ వీధిలో నడిచింది దయ్యం కాదే. నేను."

"మా అమ్మకి చెప్పకు పెద్దమ్మా, తట్టుకోలేదు," అన్నాను. ఏసెన్‌ని పెద్దమ్మే గుర్రం మీద ఆస్పత్రికి మోసుకెళ్లిందని, రొట్టె కాల్చిన ప్రతిసారీ మొదటి రొట్టె ఆమెకే పంపుతుంది అమ్మ.

నిన్న అమ్మకి నడుం పట్టేసింది. నేను సూది వేస్తానంటే వినదే! "నీదేం చేయి, మొద్దు చేయి. సైకాల్‌ని పిలు."

ఆమె వచ్చింది. పొగ ఇంకా గుమ్మంలోనే తిరుగుతోంది. కొత్త పొట్లం చింపి, అలవాటుగా సిరంజీని అమ్మ ముఖం ముందు పెట్టింది.

"చూడు, సూది మార్చాను. గొట్టమూ కొత్తదే."

"అదేమిటే సైకాల్," అమ్మ నవ్వింది. "అప్పుడు గొట్టం మార్చేదానివి కాదా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"లేదు," అంది ఆమె. "మీ ఏసెన్‌కి కూడా."

అమ్మ సూది కోసం పైకి మడిచిన చొక్కా చేతిని నెమ్మదిగా మణికట్టు దాకా దించుకుంది.