ఎస్తేరు అవ్వ వంతు

మా అవ్వ ఎస్తేరు పేరు ముందు డాక్టర్ అని ఉంటుంది. అది చూసి వీధిలో వాళ్లు మోకాళ్లు చూపించడానికి వస్తారు. "నేను మందులిచ్చే డాక్టర్ను కానమ్మా, మనసు గురించి చదివిన" అంటుంది అవ్వ. "అయితే జర బీపీ అన్న చూడు" అంటారు వాళ్లు.

నల్లగొండ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైంది. అయ్యాక కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు కదా! వయసు మీదపడ్డవాళ్ల దిగులు కనిపెట్టడానికి ఫోన్ పనికొస్తుందా అని పరిశోధన పెట్టుకుంది. ఇంటర్ గట్టెక్కని నాకు అర్థమైనంతలో చెప్తాను. దేవరకొండ చుట్టుపక్కల పల్లెల్లో, ఒప్పుకున్న ముసలివాళ్లకు రోజూ సాయంత్రం ఫోన్ మోగుతుంది. "ఈ రోజు మీ మనసు ఎలా ఉంది?" అని రికార్డు చేసి పెట్టిన అవ్వ గొంతు, పాఠం చెప్పినట్టు అడుగుతుంది. వాళ్ల జవాబులు అవ్వ వింటుంది. దిగులుతో ఉన్నవాళ్ల ఇంటికి మనిషిని పంపుతుంది.

చిక్కేమిటంటే, దిగులుతో ఉన్నవాళ్లు ఒక్కరూ దొరకలేదు. అందరిదీ ఒకటే జవాబు: "మంచిగున్న."

ఈ ఫోన్ల ఖర్చు, ఏర్పాటు చూసే నాగేందర్ సార్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "అందరు మంచిగనే ఉన్నరు కద మేడం. గీ నెలతోని బంద్ చేద్దాం."

"జర ఆగున్రి సార్. మన ఫోన్ పోతున్నోళ్లల్ల సైదమ్మ మంచిగ లేదు. పెనిమిటి పోయిన కాడికెళ్లి చిక్కి సగమైంది. మొన్న నేనే పోయి చూసిన, ఇంట్ల పొయ్యి ముట్టిచ్చిన జాడ లేదు. అడిగితే నాకూ మంచిగున్న అనే చెప్పింది."

"ఫోన్‌ల చెప్పాలె గద మేడం."

ఆ మాటతో అవ్వ ఇయర్‌ఫోన్లు కుడిది ఎడమకు, ఎడమది కుడికి పెట్టుకుని పాత జవాబులన్నీ మళ్లీ వినసాగింది. అదివరకు "మంచిగున్న" దగ్గరే ఆపేసేది. ఈసారి చివరిదాకా విన్నది. విని ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టింది.

"మంచిగున్న బిడ్డా. నువ్వెట్లున్నవ్? తిన్నవా?" అంటోంది సైదమ్మ. తరువాత నిశ్శబ్దం. ఎక్కడో కోడి అరిచింది. సైదమ్మ ఇంకా వింటూనే ఉంది. చివరకు రికార్డులోని అవ్వ గొంతు "ధన్యవాదాలు" అంది, ఫోన్ కట్ అయింది.

"చూసినవానే పోరీ? అందరు గిట్లనే తిర్గి అడుగుతున్నరు. నేను జవాబు చెప్పకుండ ఫోన్ పెట్టేస్తున్న. మన దిక్కు ఎవలన్న పలకరిస్తే మనం గూడ పలకరిస్తం. ఇద్దరు చెప్పుకున్నంకనే గద అసలు ముచ్చట! గింత చదివి గదే మర్చిన."

"అయితే చెప్పు మరి. నువ్వెట్లున్నవ్ అవ్వా?"

"నాకేమైందే, మంచిగున్న."

నేను పకపకా నవ్వాను. అవ్వ నవ్వలేదు. తాత పోయి రెండేళ్లు. ఎవరడిగినా అవ్వ ఆ మాటే చెప్తోంది. నా నవ్వు కూడా ఆగిపోయింది.

మరునాడు మిక్సీ ఆపించి, కొత్తగా రికార్డు చేయడానికి కూర్చుంది. మొదలుపెట్టింది, ఆపింది, నీళ్లు తాగింది. వందలమందికి పాఠాలు చెప్పిన మనిషి మళ్లీ మొదటికొచ్చింది. చివరకు చెప్పింది.

"సైదమ్మా, నేను ఎస్తేరును. చర్చిల మా ఆయన మొగోళ్ల దిక్కు కూసొని రాగం తప్పి పాడుతుండె. ఇంటికొచ్చినంక మస్తు తిట్టేదాన్ని. ఇప్పుడు పాట ఎత్తుకుంటే నాకు గొంతు లేస్తలేదు. ఉత్తగ పెదవులు కదుపుతున్న. నీకెట్లున్నది?"

ఆదివారాలు పక్కనే నిలబడే నేను, అవ్వకు గొంతునొప్పి అనుకున్నాను.

సాయంత్రం సైదమ్మ జవాబు వచ్చింది. మొదట కోడి. తరువాత సైదమ్మ.

"అయ్యో బిడ్డా... నాకూ బువ్వ దిగుతలేదు. ఏం కూర వండినవే అని అడిగెటోడు లేడు. ఇంగ ఎవలకు వండాలె?"

అవ్వ తెల్లారి దేవరకొండ బస్సెక్కింది. సైదమ్మతో పొయ్యి ముట్టింపజేసి, ఇద్దరూ కలిసి తిన్నాకే తిరిగొచ్చింది. ఆ జవాబు విన్న నాగేందర్ సార్ బంద్ మాట మళ్లీ ఎత్తలేదు. సైదమ్మ పేరు తీసేసి, అందరికీ అవ్వ కొత్త రికార్డే పంపించాడు.

తరువాతి సోమవారం ఫోన్‌లో సైదమ్మ అంది: "ఇయ్యాల పప్పు వండుకొని తిన్న. మరి నిన్న నువ్వు పాడినవా?"

అవ్వ రికార్డు బటన్ నొక్కింది.

"పాడిన. నాకూ రాగం తప్పింది, మా పోరి నవ్వింది."