ముందు తోటలో ఆడ్రీ షెడ్డు

ఒకదానికొకటి ఆనుకున్న మా ఇళ్ల వరసలో ముందు తలుపు తెరిచేది రెండు సందర్భాల్లోనే. పెళ్లికూతురు బయటికి వెళ్లేటప్పుడు, శవపేటిక బయటికి వెళ్లేటప్పుడు. మిగతా రోజులన్నీ రాకపోకలు వెనక సందులోంచే. పాదిరిగారైనా, కొత్తల్లుడైనా వెనకున్న రాతిమెట్లెక్కి వంటింట్లోకి రావలసిందే. ఎవరైనా ముందు తలుపు తట్టారంటే పరాయివాళ్లన్నమాట. "వెనకనుంచి రండి" అని లోపలినుంచే కేకేస్తాం. ఇంగ్లండులో మా డర్హమ్ బొగ్గుగనులు మూతపడి ఒక తరం గడిచింది గానీ, గనివాళ్ల ఇళ్లలో ఈ అలవాటు మాత్రం మూతపడలేదు.

అలాంటి వరసలో ఒక ఏప్రిల్ ఉదయం ఆడ్రీ గోలాండ్ ఇంటి ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. బాట చివర నల్ల వ్యాన్ ఒకటి ఆగి ఉంది. పక్కిల్లు నాది. పైగది కిటికీలోంచి ఆ రెండూ చూసేసరికి నాకు సంగతి అర్థమైపోయింది. ఎనభై దాటిన మనిషి, పైగా చలికాలమంతా గడప దాటలేదు. ఇంకేముంటుంది? చావు జరిగితే ఇరుగుపొరుగు కిటికీ తెరలు మూసెయ్యడం మా మర్యాద. నేను మూశాను. నన్ను చూసి అటు పక్కవాళ్లు మూశారు, వాళ్లని చూసి మిగతావాళ్లు. మా వరసలోనే ఉండే ముసలి విల్ఫ్ టోపీ తీసి ఆవిడ గేటు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఏడుస్తూనే హామ్, అదే పందిమాంసం, ముక్కలు కోసి రొట్టెల్లో పెట్టడం మొదలుపెట్టాను. చావింటికి ఉత్త చేతులతో వెళ్లకూడదు కదా.

అంతలో హారన్ మోగింది. బయటికి వెళ్లి చూద్దును కదా, ఎర్రటి బ్యాటరీ బండి మీద మహారాణిలా కూర్చుని ఆడ్రీ తన తోటబాట మీద వస్తోంది. వెనకాలే ఆవిడ మేనల్లుడు స్టాన్ ఆ నల్ల వ్యాన్ తలుపు వేస్తున్నాడు. నడవలేనివాళ్లు తోలుకునే బండి అది, అప్పుడే దింపాడట.

"ఎవరు పోయారు విల్ఫూ?" అంది ఆడ్రీ, మూసిన తెరల వంక చూస్తూ.

విల్ఫ్ టోపీ నలుపుతూ, "నువ్వేననుకున్నాం" అన్నాడు.

"ఇంకా లేదులే. ఏమే పిల్లా, ఆ చేతిలోవి హామ్ రొట్టెలేనా? ఇలా తే. నా చావు రొట్టెలు నేనే తింటాను."

నాకు అరవై దాటాయి. ఆవిడకి మాత్రం ఇప్పటికీ పిల్లనే. ఈ వరసలో పుట్టిన పిల్లలందరికీ ఆవిడ ఆడ్రీ ఆంటీ. భర్త నార్మన్ గనిలో పనిచేసి ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆవిడ పుట్టిందీ, కాపురం చేసిందీ ఆ ఇంట్లోనే. పిల్లలు లేరు. గురువారం గని క్లబ్బులో బింగో ఆట, శనివారం నార్మన్ సమాధి దగ్గర కాసేపు, రోజూ అంగడిదాకా ఒక నడక. ఆవిడ బతుకంతా ఆ మూడు దారుల్లోనే ఉంది. మోకాళ్లు అరిగిపోయి, వెనకమెట్ల మీద జారిపడ్డాక ఆ మూడూ పోయాయి. ఆ చలికాలం నేను ఎప్పుడు వెళ్లినా వంటింటి కుర్చీలోనే కనిపించేది. అంగట్లో ఎవరున్నారు, ఏమన్నారు అని ప్రతి మాటా రాబట్టేది. ఎంత నోరున్న మనిషి, ఎదుటివాళ్ల కబుర్ల కోసం అలా ఎదురుచూడడం!

బండి వచ్చాక ఆ నోరు తిరిగొచ్చింది. కానీ బండిని పెట్టడానికే చోటు లేదు. నడవా ఇరుకు, వెనకాల మెట్లు. ముందు తోటలో టార్పాలిన్ కప్పి ఉంచితే వానకి బ్యాటరీలోకి నీళ్లు దిగి, శ్మశానానికెళ్లే ఎత్తుదారిలో ఆగిపోయింది. విల్ఫూ నేనూ తోసుకుంటూ తెచ్చాం. దాంతో స్టాన్ గట్టి చెక్కతో, నా భుజాలంత ఎత్తున ఒక షెడ్డు కట్టాడు. నార్మన్ ఊరి కూరగాయల పోటీలకి ఉల్లికాడలు పెంచిన మడిలోనే కట్టాడు.

వరస చివరింట్లో కీత్ ప్రౌడ్‌లాక్ ఉంటాడు. న్యూకాసిల్‌లో ఆఫీసు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కొన్నాడు. చెడ్డవాడేం కాదు. పాత ఇళ్లంటే ప్రాణం, ఆ ఇళ్లలో ఉండే పాతవాళ్లంటే మాత్రం అంత పట్టింపు లేదు. తోటలో లావెండర్ వేసి, తలుపుకి ఇత్తడి గంట బిగించి, వరసంతా అలాగే ఉండాలని ఆయన కోరిక. షెడ్డు ఆయనకి కంట్లో నలుసైంది. ఊరి కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశాడు.

కౌన్సిల్ నుంచి ఆడ్రీకి ఫోనొచ్చింది. ఇంటి ముందు ఏం కట్టినా ప్లానింగ్ పర్మిషన్ ఉండాలట. అదే వెనకాల అయితే అక్కర్లేదట, వెనకాల కట్టుకోండి అని ఆ కుర్రాడు ఎంతో మర్యాదగా సలహా ఇచ్చాడు.

"వెనకాల మెట్లున్నాయి బాబూ. నా బండికి చక్రాలున్నాయి గానీ కాళ్లు లేవు" అంది ఆడ్రీ.

దరఖాస్తు పెట్టింది. అభ్యంతరాలుంటే చెప్పండి అంటూ కౌన్సిల్‌వాళ్లు ముందుబాటలో దీపస్తంభానికి ఒక నోటీసు కట్టారు. అటువైపు నడిచేవాళ్లే లేరు కాబట్టి దాన్ని చదివింది ప్రౌడ్‌లాక్ ఒక్కడే. తర్వాత ఒక ఆఫీసరమ్మ వచ్చి కొలతలు తీసుకుని వెళ్లింది. ఈ షెడ్డు వరస ముఖానికి మచ్చ, అనుమతి ఇవ్వకూడదని రాసింది. తుది మాట కమిటీదన్నారు. పనిలో పనిగా, ఊరవతల ముసలివాళ్ల ఫ్లాట్లలో కింది అంతస్తులో ఒకటి ఖాళీగా ఉందని, అక్కడ బండికి చోటుంటుందని కూడా చెప్పారు. స్టాన్ మెత్తబడ్డాడు. పోనీ వెళ్లరాదా అత్తా అన్నాడు.

ఆడ్రీ టీ కప్పు కింద పెట్టింది. "షెడ్డు తియ్యండ్రా అంటే మనిషినే తీసేద్దామంటున్నారు. నేను కదలను" అంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిదాని సంగతి ఆ సామెత కట్టినవాడికి తెలిసినట్టు లేదు.

కమిటీ రోజున టౌన్‌హాలుకి బండి మీదే బయల్దేరింది. నేను పక్కన నడుస్తూ వెళ్లాను, నాకే ఆయాసమొచ్చింది. ముందు ప్రౌడ్‌లాక్ లేచాడు. ఆ ముందుభాగమే వరసకి ముఖమనీ, నూరేళ్లుగా చెక్కుచెదరలేదనీ, ఒకరికిస్తే రేపు అందరూ కడతారనీ నెమ్మదిగా, చక్కగా చెప్పాడు. కొందరు తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

కమిటీ అధ్యక్షురాలు పిలిచాక ఆడ్రీ బల్ల పట్టుకుని లేచి నిలబడింది. కూర్చునే మాట్లాడొచ్చన్నా వినలేదు.

"ఆయన చెప్పింది నిజమే. నూరేళ్లుగా చెక్కుచెదరలేదు. ఎందుకంటే మేమెవరమూ అటు పోలేదు. ఆ తలుపులోంచి పెళ్లికూతురిగా ఒకసారి వెళ్లాను. నార్మన్‌ని పెట్టెలో పెట్టి తీసుకెళ్తుంటే వెనకాల ఇంకోసారి వెళ్లాను. మూడోసారి ఎలా వెళ్తానో మా వాళ్లందరికీ తెలుసు. మొన్న తలుపు తీసి ఉంటే పోయాననుకుని తెరలు కూడా వేసేశారు. పెట్టెలో వెళ్లడానికి ఆ దారికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. బతికుండగా వెళ్తానంటే మాత్రం కమిటీ కూర్చోవాలా?"

కూర్చుంది. చివరి వరసలో ఉన్న ఒక ముసలి కౌన్సిలర్, గనివాళ్ల ఇంట్లో పుట్టినవాడే అయుంటాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చేతులెత్తమన్నప్పుడు ఎక్కువ చేతులు మా వైపే లేచాయి. కానీ ఒక షరతు పెట్టారు. అనుమతి ఆడ్రీ గోలాండ్‌కి మాత్రమే. ఆవిడ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లే. ఆ తర్వాత షెడ్డు తీసెయ్యాలి. అంత నిండు సభలో ఆ మాట వినగానే నాకు చివుక్కుమంది. ఆవిడ చావుకి తేదీ వేసినట్టుంది.

బయట వసారాలో ప్రౌడ్‌లాక్ దగ్గరికొచ్చాడు. "పోన్లెండి మిసెస్ గోలాండ్. ఎలాగూ తాత్కాలికమే కదా" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, రాజీమాటే అనుకుంటా.

"నేనూ తాత్కాలికమే, నువ్వూ తాత్కాలికమే నాయనా. మా స్టాన్ వాడిన చెక్క చూశావుగా, ఉన్నవాటిల్లో అదే గట్టిది. నేనున్నన్నాళ్లూ ఉంటుందన్నారు. అది కనిపించినన్నాళ్లూ నేనున్నట్టే లెక్క" అంది ఆవిడ, బండి తిప్పుకుంటూ.

మర్నాడే స్టాన్ చేత షెడ్డుకి ఎర్రరంగు వేయించింది. బండి రంగే. ప్రౌడ్‌లాక్ కిటికీలోంచి నిక్షేపంగా కనబడుతుంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆవిడ ముందు తలుపు కిర్రుమంటుంది. చలేస్తున్నా బార్లా తెరిచే ఉంచుతుంది, మూసెయ్ ఆంటీ అన్నా వినదు. నేను పక్కమీద పడుకుని ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి ఉంటాను. అది వినబడ్డాకే లేచి మా కిటికీ తెరలు తీస్తాను.