మోకాళ్ళకు కట్టిన దస్తీ

పొద్దున ఆరున్నరకు కాచిగూడలో కర్నూలు వైపు వెళ్ళే బండి ఎక్కాను. సంచిలో రెండు చీరలు, టిఫిన్ డబ్బా, సైకిల్ ట్యూబు కత్తిరించి చేసిన ఇరవై రబ్బరు పట్టీలు. ఎదుటి సీటులో కూర్చున్న చీరల వ్యాపారి వాటిని చూసి, "పంక్చర్ దుకాణం పెడుతున్నరా అమ్మా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకు బయలుదేరానో చెప్పాలి. నేను హైదరాబాదులో ఒక మహిళా కళాశాలలో ఆటలు నేర్పుతాను. రెండేళ్ళలో మా వాలీబాల్ జట్టులో ముగ్గురు పిల్లలకు మోకాలి లోపలి లిగమెంటు తెగింది. ఎవరూ తోయలేదు, ఎవరూ తగల్లేదు. ఎగిరి బంతి కొట్టారు, కిందికి దిగారు, అంతే. ముగ్గురూ పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళే. ఇరవై అయిదేళ్ళ వయసులో నా ఎడమ మోకాలూ అట్లాగే పోయింది, దానితో నా ఆటా పోయింది. అప్పుడు అందరూ నా ఖర్మ అన్నారు. మొన్న ఒక శిక్షణ తరగతిలో డాక్టరు చెప్పేదాకా నేనూ అదే అనుకున్నాను. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలితే ఆ లిగమెంటు మీద భారం పడుతుందట. ఆడపిల్లల్లో ఇది ఎక్కువట. మోకాళ్ళు వంచి, కాలివేళ్ళకు సూటిగా ఉంచి, మెత్తగా దిగడం చిన్నప్పుడే అలవాటు చేస్తే చాలావరకు తప్పించవచ్చట. తొడలకు రబ్బరు పట్టీ వేసుకుని, దాన్ని బయటికి నెడుతూ గుంజీలు తీయడం అందులో ఒక సాధన.

అది నేర్పడానికే మూడు ఊళ్ళు పెట్టుకున్నాను: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. అప్పటికి మూడూ పాలమూరు జిల్లాలోవే. నాగర్‌కర్నూల్ నాకు కొత్త కాదు. ఆటలో ఉన్న రోజుల్లో అక్కడ పదిరోజుల వేసవి శిబిరం నడిపాను. ఆ ఎండ గుర్తుంది, అక్కడి వ్యాయామ టీచరు అనసూయ మేడం పెట్టిన జొన్నరొట్టె గుర్తుంది.

పదకొండు దాటాక గద్వాలలో దిగాను. స్టేషను బయట నాలుగు ఇడ్లీలు తిని ఆటోలో బడికి వెళ్ళాను. వ్యాయామ టీచరు సుజాత, ముప్ఫై లోపు అమ్మాయి, గేటు దగ్గరే ఎదురుచూస్తోంది. మైదానం వైపు చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. పన్నెండు మంది పిల్లలు వరసగా ఎగురుతున్నారు, ఒక్కొక్కరి మోకాళ్ళకు పెద్ద దస్తీ కట్టి ఉంది. అబ్బ, వీళ్ళకు ముందే తెలుసే, నేను మోసుకొచ్చిన పట్టీలు దండగ అనుకున్నాను.

దగ్గరికి వెళ్ళాక తెలిసింది. ఆ చేతిరుమాలు మోకాళ్ళను బయటికి నెట్టడానికి కాదు. రెండు మోకాళ్ళూ ఒకదానికొకటి అతుక్కుని ఉండేలా బిగించి కట్టారు. కట్టేసిన కాళ్ళతో పిల్లలు ఎగిరి, టపీమని నిటారుగా దిగుతున్నారు.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"గిట్ల కట్టకపోతె కాళ్ళు ఎడం పెట్టి దుంకుతరు మేడం. గోడ మీద పోరగాండ్లు నవ్వుతరు. గది తెలిస్తె ఇండ్లల్ల ఆటకు పంపరు," అంది సుజాత మామూలుగా. "ఆర్నెల్లు కడితె అలవాటైతది. ఇగ దస్తీ ఇప్పినా మోకాళ్ళు ఎడం కావు."

అలవాటైన పిల్లను చూపించమన్నాను. రజియా అని తొమ్మిదో తరగతి పిల్ల ముందుకు వచ్చింది. జట్టులో అందరికంటే గట్టిగా కొట్టేది ఆమేనట. దస్తీ లేకుండా ఎగిరింది. ఎంత ఎత్తు ఎగిరిందో! దిగినప్పుడు మాత్రం రెండు మోకాళ్ళూ లోపలికి వాలి ఠక్కున తగులుకున్నాయి. మళ్ళీ ఎగరమంటే మళ్ళీ అంతే. మా కాలేజీ పిల్లలు ముగ్గురూ అచ్చం ఇట్లాగే దిగేవాళ్ళు.

"మోకాలు నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"నొప్పి లేదు మేడం. ఒక్కోపారి జారినట్లయితది. అమ్మీకి చెప్పలే. పది రోజులల్ల సెలెక్షన్లున్నయి, చెప్తె పోనియ్యదు."

నాకు కోపం ఆగలేదు. పిల్లల ముందే సుజాత మీద విరుచుకుపడ్డాను. "బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా ఇది? ఎవరు నేర్పారు నీకు? ఆ మహానుభావుల్ని ఈ మైదానంలో నిలబెట్టి వెయ్యి గుంజీలు తీయించాలి!"

సుజాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వనపర్తి కరీం సార్ దగ్గర నేర్చుకున్న మేడం. గిది తప్పని నాకు తెల్వదు."

సాయంత్రం దాకా పట్టీలతో గుంజీలు, మెత్తగా దిగడం నేర్పాను. రజియాను ఎముకల డాక్టరుకు చూపించేదాకా ఎగరనివ్వవద్దని సుజాతతో ఒట్టు వేయించుకున్నాను. బస్టాండు పక్క లాడ్జిలో బస. గది శుభ్రంగానే ఉంది, దోమలకు మాత్రం సిద్ధపడి వెళ్ళండి.

మర్నాడు ఏడు గంటలకు వనపర్తి బస్సు. బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా పారుతోంది. కిటికీ పక్క సీటు ముసలామె నేను కాలు చాపుకోవడం చూసి, "గింత చిన్న వయసుల మోకాలు నొప్పేంది బిడ్డా?" అంది. ఆటలో పోయిందన్నాను. "ఆడవిల్లకు ఆటలెందుకు మరి!" అని నిట్టూర్చింది. ఇంకొకప్పుడైతే వాదన పెట్టుకునేదాన్ని.

తొమ్మిదిన్నరకు వనపర్తిలో కరీం సార్‌ను కలిశాను. యాభై అయిదేళ్ళ మనిషి, మర్యాదస్తుడు, ముందు చాయ్ తెప్పించాడు. దస్తీ సంగతి అడిగితే, "అది నా సొంతం కాదమ్మా. నాగర్‌కర్నూల్ల అనసూయ మేడం గట్లనే కడుతుండె. ఆమె పిల్లలు మస్తు పద్ధతిగ ఉండేటోళ్ళు. చూసి నేను గూడ మొదలుపెట్టిన," అన్నాడు. మోకాలి లిగమెంటు ఎందుకు తెగుతుందో మెల్లగా చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. తన దగ్గర ఆడి, మోకాలు పోగొట్టుకున్న పిల్లల పేర్లు గొణుక్కుంటూ పోయి, మధ్యలో ఆగిపోయాడు.

"యా అల్లా! వాళ్ళ అమ్మానాయనలకు నేనేం జవాబు చెప్పాలె?"

ఆయన మొహం చూశాక గుంజీల మాట నా నోట రాలేదు. కానీ లోపల కోపం అట్లాగే ఉంది. అనసూయ మేడంను అడగాల్సిందే అనుకున్నాను.

మధ్యాహ్నం దాకా అక్కడి పిల్లలకు నేర్పి ఎక్కిన రెండు గంటల బస్సు గోపాల్‌పేట మీదుగా వెళ్ళింది. ఊరూరా ఆగుతూ నాలుగున్నరకు నాగర్‌కర్నూల్ చేర్చింది. అనసూయ మేడం ఉద్యోగం చాలించి చాలా ఏళ్ళయింది. నన్ను చూడగానే గుర్తుపట్టి చేతులు పట్టుకుంది. నేను మాత్రం కూర్చోకుండానే అడిగేశాను. "మేడం, పిల్లల మోకాళ్ళకు దస్తీలు కట్టడం మీకు ఎవరు చెప్పారు?"

ఆమె వింతగా చూసింది. "ఏందమ్మా భారతీ, గట్ల అడుగుతవ్? నువ్వే కదా నేర్పింది!"

లోపలికి వెళ్ళి పాత ఫొటో తెచ్చింది. శిబిరం, గోడ మీద మగపిల్లలు, వరసగా ఆడపిల్లలు. వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక పిల్ల కాళ్ళకు దస్తీ బిగిస్తున్నది నేనే.

తడుముకుంటే గుర్తొచ్చింది. ఒక పిల్ల దిగిన తీరు చూసి గోడ మీదివాళ్ళు పకపకా నవ్వారు. ఆ పిల్ల ఏడ్చి, ఇక ఆడనంది. నేను నా దస్తీ తీసి కట్టి, "ఇట్లా దగ్గర పెట్టుకుని దూకు, ఎవరూ నవ్వరు," అన్నాను. గోడ మీదివాళ్ళను దించెయ్యాలని నాకు తోచనే లేదు. ఆ ఒక్క మధ్యాహ్నపు సంగతి నేను ఆ శిబిరంలోనే మరిచిపోయాను.

"పట్నం నుంచి వచ్చిన ప్లేయరు చెప్పిందని ఒక్క దినం గూడ ఇడిసిపెట్టలే," అంది అనసూయ మేడం. నేను వచ్చిన పని అప్పుడు చెప్పాను. ఆమె ఫొటో బోర్లించి పెట్టింది. ఆ రాత్రి ఆమె ఇంట్లోనే ఉన్నాను.

అక్కడి బడిలో నేర్పే పని, మిగిలిన పట్టీలు అనసూయ మేడంకు అప్పజెప్పి, పొద్దున ఆరు గంటల బస్సులో తిరుగు ప్రయాణం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు చెప్పేది ఒకటే. బస్సులు వేళకే ఉన్నాయి, మనుషులు కడుపులో పెట్టుకుని చూస్తారు. ఏ బడి మైదానంలోనైనా ఆడపిల్లలు ఎగురుతుంటే ఒక్క నిమిషం ఆగి, వాళ్ళు దిగే తీరు చూడండి. రెండు రోజులు నేను ఎవరి మీదో పళ్ళు కొరుకుతూ తిరిగాను, తీరా చూస్తే అది నేనే.

జడ్చర్లలో బస్సు టిఫినుకు ఆగింది. ఎస్టీడీ బూత్ నుంచి సుజాతకు ఫోన్ చేసి, ఉన్నదున్నట్టు చెప్పాను.

"రజియా ఈడనే ఉంది మేడం," అంది సుజాత. "నిన్న డాక్టరుకు చూపించినం. తెగలేదన్నడు, సాగిందన్నడు. ఆరు వారాలు ఎగరొద్దంట. సెలెక్షన్లు పోయినయని రాత్రి నుంచి ఏడుస్తుంది. మాకు గిట్ల ఎవరు నేర్పిండ్రని అడుగుతుంది. ఏం చెప్పాలె?"

డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

"నా పేరు చెప్పు," అన్నాను. "లేదు, ఫోన్ రజియాకివ్వు. నేనే చెప్తాను."