సగం నలుపు మడ్‌గార్డు

పక్క షాపు అన్న పోయాడని నెల్లూరు ఆసుపత్రి నుంచి వాళ్ళబ్బాయి పొద్దున్నే ఫోన్ చేశాడు. సాయంత్రానికి సొంతూరు ఉదయగిరికి తెస్తారట. అంతవరకు ఏం చేయాలో తోచక నా షాపు తెరిచి కుట్టు మిషన్ ముందే కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. మూసిన ఆయన షట్టర్ చూసి ఆగిన ప్రతి ఒక్కరికీ ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆత్మకూరు బస్టాండు వెనక నాది బండ్ల సీటు కవర్లు కుట్టే షాపు. ఎండకు తెల్లబడిన మడ్‌గార్డులను, సైడు కవర్లను మళ్ళీ నల్లగా చేయడం ఆయన పని. మీలో కొందరి బండ్లు ఆయన చేతి మీదుగా పోయే ఉంటాయి. ఉదయగిరి నుంచి తొలి బస్సుకు వచ్చి, ముందు నా వాకిలి ఊడ్చి, తర్వాత తన షట్టర్ ఎత్తేవాడు. "చీపురు చేతిలోనే ఉండాది గదమ్మా, ఇంకొంచెం ఊడిస్తే ఏంబోయింది" అనేవాడు.

ఏ మడ్‌గార్డు వచ్చినా మొదట వాసన చూసేవాడు. మా వైపు జనానికి ఒక అలవాటుంది. ప్లాస్టిక్ తెల్లబడగానే వంటింట్లో ఏ నూనె ఉంటే అది పూస్తారు. ఒక పూట నిగనిగలాడుతుంది, ఆ తర్వాత దారిలో దుమ్మంతా దానికే. జీవాలు కాసేవాళ్ళ బండ్లనైతే మేకలు నాకి పెడతాయి. "ఆముదమా, వేరుశనగ నూనెనా?" అని ఆయన అడిగితే వచ్చినవాళ్ళు సిగ్గుపడి నవ్వేవాళ్ళు. సబ్బునీళ్ళతో ఎంత తోమినా ఇంకిన నూనె పూర్తిగా పోదు. వేడిగాలి ఊదే హీట్ గన్ పెడితే నలుపు తిరిగి వస్తుంది, దాంతోపాటే ఆ నూనె పొగా వస్తుంది. ఆ పొగంతా ఏళ్ళ తరబడి ఆయన ఛాతీలోకే పోయింది.

ఈ పని మానకపోతే ప్రాణానికే మోసమని డాక్టరు చెప్పాడు. నూనె పూసినవి తీసుకోవద్దని నేను పోరేదాన్ని. "పాపం, బాగుండాలనే గదా పూసుకునింది. తిప్పి పంపిస్తే యాడికి పోతారు?" అనేవాడు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతోంది.

అన్న పోవడానికి రెండు మూడు రోజుల ముందు, వరికుంటపాడు వైపు నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చి వెనక మడ్‌గార్డు విప్పి ఇచ్చి పోయాడు. పట్టుకుంటే చేతికి జిడ్డు. సగం అయ్యేసరికి అన్నకు దగ్గు పట్టుకుంది, ఆగలేదు. నేను లేచి వెళ్ళి హీట్ గన్ ప్లగ్గు పీకేశాను.

"ఏందిమే, ఇదొక్కటి అయిపోనీ."

"నువ్వే అయిపోతావన్నా. లెయ్, ఆటో పిలిచినాను."

నవ్వబోయి మళ్ళీ దగ్గాడు. ఆటో ఎక్కుతూ కూడా, "ఆయనొస్తే రేపు రమ్మను. సగం పని చేసి పంపించొద్దు" అన్నాడు. ఇంకొన్నాళ్ళు ఉంటాడన్న ఆశతోనే పీకాను ఆ ప్లగ్గు.

ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నమే ఆ కాపరి వచ్చాడు. సంగతి చెప్పాను. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, షట్టర్ వైపు తిరిగాడు. నూనె మాట నేను ఎత్తలేదు. అన్న ఉంటే ఎత్తనిచ్చేవాడు కాదు. ఆ రోజు నా షాపులో పెట్టిన మడ్‌గార్డు చేతికిచ్చి, మిగతాది నెల్లూరులో ఎవరైనా చేస్తారని చెప్పాను.

"వద్దులేమ్మా. ఆయన చేసినకాడికి ఉండనీ" అని అక్కడే కూర్చుని బిగించుకున్నాడు.

బండి ఉదయగిరి రోడ్డెక్కింది. మడ్‌గార్డు ఒక సగం కొత్త నలుపు, ఒక సగం బూడిద తెలుపు. అన్న చెయ్యి ఆగిన చోట మధ్యలో గీత వంకరగా ఉంది. బండి మలుపు తిరిగేదాకా ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను.