జీపులో చల్లిన ముగ్గుపిండి

నిన్నటి వానకు మా పాత జీపులో మళ్ళీ నీళ్ళు నిలిచాయి. తలుపు తీయగానే తడిసిన గోనె వాసన వచ్చింది. నాయన గుర్తొచ్చాడు.

కారే చోటు కనిపెట్టే ఈ పద్ధతి నా ఈడువాళ్ళు చూసే ఉంటారు. ఆళ్లగడ్డలో నాయన ఈ జీపు లోపలంతా ముగ్గుపిండి చల్లి, నన్ను కూర్చోబెట్టి, జీపు పైరేకు మీద బిందెలతో నీళ్ళు పోసేవాడు.

"యాడ తడుస్తాందిరా?"

పిండి నల్లబడిన చోట వేలు పెట్టి చూపేవాణ్ణి. అక్కడ తారు పూస్తే ఆ ఏడాదికి చుక్క దిగేది కాదు.

ఈసారి కారడం ఆగకపోతే జీపును పాత ఇనుము కింద అమ్మక తప్పదు. ఈరోజు నంద్యాల షెడ్డులో అట్లాగే పిండి చల్లి లోపల కూర్చున్నాను. మెకానిక్ పైన నీళ్ళు పోశాడు.

"యాడ తడుస్తాంది పెద్దాయనా?"

"అంతా తడిసిందప్పా."

"రేకంతా తుప్పు తినేసింది. ఇంగ తూకానికి ఇచ్చెయ్."

సరేనన్నాను. దిగకుండా, నల్లబడిన పిండి మీద వేలు పెట్టి అక్కడే కూర్చున్నాను.