విమానం మీద నిస్సార్ పేరు

కల్లూరులో లారీలకు రంగులేసే నిస్సార్‌కు తన గురించి చెప్పుకోవడమంటే మహా సరదా. గొప్పలు కాదు, తను చేసిన తప్పులు. అరవైకి దగ్గర పడిన మనిషి, టీ బంకు దగ్గర కూర్చున్నాడంటే ముందు తనను తానే ఉతికి ఆరేసుకుంటాడు. ఎదుటివాళ్లకు ఆ శ్రమ లేకుండా చేయడం ఆయన మర్యాద.

"నలభై ఏండ్లు కుంచె పట్టుకున్నానప్పా. నా పేరు యాడన్నా ఉండాదా అంటే, రేషన్ కార్డులో ఉండాది. అది గూడా నేను రాసింది కాదు" అంటాడు.

నవ్వుతూ అన్నా ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకునే మాటే. రంగేసిన ప్రతి లారీ వెనకాలా, కింద ఒక మూల 'పెయింటర్ నిస్సార్, కల్లూరు' అని రాసుకునేవాడు. ఎర్రగుంట్ల సిమెంటు లారీలైతే నెల తిరక్కముందే ఆ మూలంతా బూడిద. మిగతావి చేతులు మారేవి, కొన్నవాడు గీకించి వేరేవాడితో రాయించుకునేవాడు. గోడల మీద రాసిన రాతలు ఎన్నికలు రాగానే సున్నం కింద పడిపోయాయి. తర్వాత ఫ్లెక్సీలొచ్చి గోడలే ఆయనకు లేకుండా చేశాయి. పది కాలాలపాటు నిలిచే వస్తువు మీద ఒక్కసారి తన పేరుండాలి, దాన్ని భార్య హుసేనమ్మకు చూపించాలి. ఆయన కోరికల్లా అదే.

అట్లాంటి మనిషికి విమానం దొరికింది.

ఊరి బయట ఒక ఇంజనీరింగు కాలేజీ ముందు, సిమెంటు దిమ్మె మీద పాత యుద్ధవిమానం ఒకటుంది. ఎండకు దాని రంగు పెచ్చులూడిపోతే, మళ్లీ వేయమని నిస్సార్‌ను పిలిచారు. పని చూసుకునే బాధ్యత ఉరుకుందుది. ఆయన ఆదోని వైపు మనిషి, వాయుసేనలో ఇలాంటి విమానాలనే ఇరవై ఏళ్లు బాగుచేసి రిటైరై కల్లూరులో ఇల్లు కట్టుకున్నాడు. నిస్సార్ చేతిలో ఒక ఫొటో పెట్టి, "పైన ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలు. అడుగున లేత నీలం. దీంట్లో ఎట్లుండాదో అట్లే ఎయ్యి" అని చెప్పి, పెండ్లికని వారం రోజులు ఆదోనికి పోయాడు.

ఆ వారం రోజులూ నిస్సార్ ప్రాణం పెట్టి పనిచేశాడు. మచ్చలన్నీ ఫొటోలో ఉన్నచోటే వేశాడు. వేశాక చూస్తే ఏదో బోసిగా అనిపించింది. లారీ మీద రంగూ రంగూ కలిసేచోట సన్నటి పసుపు గీత లాగకపోతే పని తెలియనివాడంటారు. అందుకని ప్రతి మచ్చ చుట్టూ ఉడుతవెంట్రుకల కుంచెతో గీత లాగాడు. పైన రెండు పూతలు వార్నీషు కొట్టాడు. తోక మీద దిష్టి తగలకుండా కోరలున్న రాక్షసుడి మొహం వేశాడు. దాని కింద ఎర్రక్షరాల్లో తన పేరు, ఊరు, ఫోన్ నంబరు.

తిరిగొచ్చిన ఉరుకుందు బస్సు దిగకముందే విమానాన్ని చూశాడట. అంత మెరుస్తోంది మరి. దిమ్మె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చివరికి అడిగాడు.

"ఏమప్పా నిస్సారూ, ఇది యుద్ధానికి పోతాదా, ఉరుసుకు పోతాదా?"

"బాగలేదా సార్?"

"శానా బాగుండాది. అదే కష్టం. పైనుంచి శత్రువు చూస్తే నేలలో కలిసిపోవాల ఇది. నువ్వు గీతలు గీసి, మెరుపు పెట్టి, ఫోన్ నంబరు గూడా ఇచ్చినావు."

నిస్సార్‌కు సిగ్గేసింది. సిగ్గేస్తే ఆయన నోరు ఊరుకోదు. "కనపడేట్టు చేసి బతికినోడిని సార్ నేను. కనపడకుండా పోయేది నాకు ఇంట్లో పనున్నప్పుడే తెలుసు" అన్నాడు.

ఉరుకుందు నవ్వి, ఆయన్ను కాలేజీ మిద్దె మీదికి తీసుకుపోయాడు. కింద నల్లరేగడి, పక్కన ఎర్రమట్టి, మధ్య మధ్య తుమ్మచెట్లు. "ఆ నల్లది యాడ అయిపోతాది, ఎర్రది యాడ మొదలైతాది, చూపించు" అన్నాడు. నిస్సార్ వేలెత్తాడు, పక్కకు జరిపాడు, మళ్లీ దించేశాడు. గీత ఎక్కడా లేదు. పుట్టినప్పటినుంచీ ఆ నేల మీదే నడుస్తూ, రంగులు ఎలా కలుస్తాయో తను ఒక్కసారీ చూడలేదే అని మనసులో నొచ్చుకున్నాడు.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. వార్నీషు గీకేశాడు, రాక్షసుణ్ని గీకేశాడు, పేరు గీకేటప్పుడు మాత్రం కొంచెం నెమ్మదిగా గీకాడు. ఈసారి మెరవని రంగు తెచ్చి, తడి ఆరకముందే అంచులను గుడ్డతో అద్దుతూ ఒకదాంట్లోకి ఒకటి కలిపాడు. పేరు సంగతి అడిగితే ఉరుకుందు ససేమిరా అన్నాడు. యుద్ధవిమానం మీద పెయింటరు పేరుండదట.

చివరిరోజు ఉరుకుందు భోజనానికి పోగానే నిస్సార్ విమానం పక్కభాగంలో ఒక మచ్చ మధ్యన, లేత ఆకుపచ్చ మీద ముదురు ఆకుపచ్చతో, మూరెడు అక్షరాల్లో తన పేరు రాసేశాడు. కొత్తగా నేర్చిన విద్యతో అంచులన్నీ గుడ్డతో అద్ది కలిపేశాడు. తెలిసినవాడికి తప్ప ఇంకెవరికీ కనబడదు, ఆ తెలిసినవాణ్ని నేనే అని మురిసిపోయాడు.

పది రోజుల తర్వాత విమానానికి మళ్లీ ప్రారంభోత్సవం చేశారు. పెద్దలు వెళ్లిపోయాక నిస్సార్ భార్య చెయ్యి పట్టుకుని దిమ్మె దగ్గరికి తీసుకొచ్చాడు. పేరుందని ఆమెకు ముందే చెప్పి పెట్టాడు. తలెత్తి చూశాడు. రెక్క పక్కన వెతికాడు, తోక దాకా పోయాడు, అవతలివైపుకు తిరిగొచ్చాడు, కండ్లద్దాలు తుడుచుకున్నాడు. మచ్చల్లో మచ్చలున్నాయి తప్ప, పేరు లేదు. తన చేత్తో తనే రాసుకున్న పేరు తనకే దొరకలేదు.

అప్పుడే ఉరుకుందు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "శానా బాగా చేసినావప్పా. ఎంత చూసినా యాడా ఏమీ కనపడ్లేదు" అన్నాడు.

నలభై ఏళ్లలో పని తెలిసినవాడి నోట విన్న మొదటి మెచ్చుకోలు అది. నిస్సార్‌కు సంతోషమేసింది, ఏడుపూ వచ్చింది, దేనికి ఏదో తేల్చుకోలేక తల మాత్రం ఊపాడు.

ఉరుకుందు వెళ్లిపోయాడు. హుసేనమ్మ ఇంకా మెడ ఎత్తి పైకే చూస్తోంది. ఆమెకు చదువు రాదు. చాలాసేపు చూసి, రెక్క కిందుగా ఉన్న ఒక మచ్చ వైపు చెయ్యి చాపింది.

"అదే గదా నీ పేరు?"

నిస్సార్ అటు చూశాడు. అక్కడ తను ఏమీ రాయలేదు, ఆ సంగతి మాత్రం బాగా గుర్తుంది.

"ఆ, అదే" అన్నాడు.